తోడుకోని పాలు

యేసమ్మ గిన్నె మీద మూత తీసి, గిన్నెను కొద్దిగా పక్కకు వంచింది. పాలు పాలలాగే కదిలాయి. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. పులుపు లేదు. నిన్న పొద్దున గోరువెచ్చని పాలలో పొట్లం పొడి కలిపి, గిన్నెకు పాత చీర చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. చలికి పేరుకోలేదు అనుకోవడానికి లేదు. దాని పక్కనే, అదే పొయ్యి వేడికి, ఇంటి పెరుగు చుక్కేసిన గిన్నె గడ్డకట్టి కూర్చుంది.

ఇది రెండోసారి. మొదటిసారి తప్పు పాలదే అనుకుంది. పాలుపోసే చంద్రవ్వ నీళ్ళు కలుపుతోందని మనసులో నాలుగు తిట్లు తిట్టుకుంది కూడా. ఇప్పుడు ఆ తిట్లు ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు.

ఆ పొట్లాలు దవాఖానవాళ్ళు ఇచ్చినవి. యేసమ్మ బిడ్డ సువార్తకు పేగుపూత. తిన్నది ఒంట పట్టదు, దొడ్డికి పోతే నెత్తురు. పంతొమ్మిదేళ్ళ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక దవాఖానవాళ్ళు పేగుపూతకు కొత్తమందు పరీక్ష చేస్తున్నారని చర్చిలో ఎవరో అంటే, బోధన్ నుంచి బస్సెక్కించి తీసుకుపోయింది. వెనకింటి గంగమణిదీ అదే జబ్బు. యేసమ్మా ఆమే ఒకే కార్ఖానాకు బీడీలు చేసేవాళ్ళు, ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఆమెనూ వెంట పెట్టుకుపోయింది. సువార్తనూ గంగమణినీ పరీక్షలో చేర్చుకున్నారు.

దవాఖానలో ఆ మందు సంగతి చూసే రామ్‌దాస్ డాక్టరేమీ కాదు. సంతకాలు పెట్టించి, పొట్లాలిచ్చి, పరీక్షకు దొడ్డికి డబ్బీల్లో తెప్పించుకుని, ఎలా ఉందో అడిగి రాసుకునే మనిషి. మాట మాత్రం వెన్న. మొదటి రోజే ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"పేగుల పుండు మానాలంటె ఒంట్ల ఒక సరుకు తయారుగావాలె. మీ ఒంట్ల అది సరిగ్గ తయారైతలేదు. దాన్ని తయారుచేసే గుణాన్ని తీసి ఒక పురుగుల పెట్టిండ్రు. గా పురుగు మీ పేగులకు పోయి కూసోని, ఆడనే గా సరుకు తయారుచేస్తది. భయపడకుండ్రి, కొత్త పురుగేం గాదు. ఇంట్ల పాలు తోడేసుకుంటం గద, గా పెరుగుల ఉండేదే."

"అంటే పురుగులమందా సారూ?" అంది గంగమణి. "ఊరంత పురుగులమందు తాగి సస్తుంటె మేం తాగి బతకాల్నా?"

రామ్‌దాస్ కూడా నవ్వాడు. యేసమ్మ నవ్వలేదు. ఆమె చెవిలో పడ్డది పెరుగు మాట ఒక్కటే.

చెంచాడు తోడుతో కుండెడు పెరుగు చేసుకునే ఇంట్లో మందు మాత్రం పొట్లానికి పొట్లం లెక్కనే ఎందుకుండాలి? సువార్తకు తగ్గకపోవడం చూసి చూసి ఆమెకు వచ్చిన ఆలోచన ఇదే. ఒక పొట్లం పాలలో తోడేస్తే గిన్నెడు మందవుతుంది. పిల్లకు రోజూ కడుపునిండా పెట్టొచ్చు. అందుకే రెండుసార్లు పొడిని పాలలో వేసింది. రెండుసార్లూ పాలు పాలే.

"ఏం వంటలు జేస్తున్నవ్ పొద్దుగాల?"

గంగమణి వచ్చింది. యేసమ్మ గిన్నె మీద గభాల్న మూత పెట్టింది.

రోజూ ఇదే వేళకు వస్తుంది గంగమణి. పొట్లాలు చల్లగా ఉంచాలని దవాఖానవాళ్ళు ఒక చిన్న ఫ్రిజ్ ఇచ్చారు. కరెంటు మీటరు ఉన్నది యేసమ్మ ఇంటికే కాబట్టి అది ఇక్కడే ఉంది. పై అరలో సువార్తవి, కింది అరలో గంగమణివి. పొట్లాలన్నీ ఒకే తెలుపు, ఒకే తూకం. మీది చీటీలో నంబరు ఒక్కటే తేడా. గంగమణి పొద్దున పరగడుపున వచ్చి, ఇక్కడే తాగి, కాసేపు మాట్లాడి పోతుంది.

ఆమె గడపలో చతికిలబడి కూర్చుంది. ఇదివరకు అలా కూర్చుంటే లేవడానికి చెయ్యి అందించాల్సి వచ్చేది. ఇప్పుడు బుగ్గలు నిండాయి. జాకెట్టు చేతులు మళ్ళీ బిగుతయ్యాయి.

"రాత్రి రెండు జొన్నరొట్టెలు తిన్న యేసమ్మా. కారం ఏసుకొని తిన్న. కడుపుల సప్పుడు లేదు." తర్వాత గొంతు తగ్గించింది. "బిడ్డకెట్లుంది?"

"గట్లనే."

"నాకు తగ్గింది గద. దానికి గూడ తగ్గుతది. వయసుల పిల్ల, జర ఎనకాముందు."

యేసమ్మ ఆమెకు వీపు పెట్టి నిలబడి కింది అరలోంచి పొట్లం తీసింది. కొన కత్తిరించింది. గ్లాసులో సగం పొడి వంపింది. చెయ్యి అక్కడ ఆగింది. మిగతా సగం ఉన్న పొట్లాన్ని మడిచి రొంటిన దోపుకుంది. గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాతో తిప్పి, తిరిగి గంగమణికి అందించింది. గంగమణి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "సల్లగుండు" అని లేచిపోయింది.

ఆ సగం పొడిని యేసమ్మ అవే పాలలో, అదే గిన్నెలో, అదే పొయ్యి పక్కన తోడేసింది. మర్నాడు మూత తీస్తే పెరుగు గడ్డ కట్టి ఉంది. గిన్నె వంచినా కదలలేదు.

*

రామ్‌దాస్ బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది యేసమ్మ. పాల సంగతి చెప్పకూడదని బస్సులోనే నిర్ణయించుకుంది. చెబితే పొట్లాలు పాడుచేశావని తోలేస్తారు.

"నా బిడ్డ పొట్లాల్ల ఏం లేదు గద సారూ?"

రామ్‌దాస్ కలం ఆపాడు. "ఎవలన్నరు?"

"ఎవలంటరు? తగ్గుతలేదు, గందుకే అడుగుతున్న."

"మొదలే చెప్పిన గదమ్మా. సగంమందికి మందు పోతది, సగంమందికి ఉత్తపొడి పోతది. ఎవలకేది పోతున్నదో నాక్కూడ తెల్వదు. హైదరాబాదుల ఉన్నోళ్లకే ఎరుక. మాకు తెలిస్తే పరీక్ష పాడైతది."

"ఉత్తపొడి ఎందుకియ్యాలె?"

"అందరికి మందిస్తే, మందుతోనే తగ్గిందని ఎట్ల తెలుస్తది? తగ్గనోళ్లు గూడ ఉండాలె గద."

చిన్నపిల్లకు కూడికలు నేర్పినంత ఓపికగా చెప్పాడు. యేసమ్మకు బాగానే అర్థమైంది. తన బిడ్డకు తగ్గకపోవడమే వీళ్ళకు కావలసిన పని. ఆ పని సువార్త ఏ లోపం లేకుండా చేస్తోంది.

"నా బిడ్డకు మార్చియ్యుండ్రి సారూ. మీ కాళ్లు మొక్కుత."

"అట్ల కుదరదమ్మా. మానుకుంటనంటే ఇయ్యాల్నే మానుకోవచ్చు. బలవంతమేం లేదు."

ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "గా మందునే పాలల్ల తోడేసి, ఇద్దరు ముగ్గురు తాగితే?"

రామ్‌దాస్ నవ్వాడు. "పెరుగుల ఉన్న పురుగు కడుపుల పులుపుకే సస్తదమ్మా, పేగుదాంక పోదు. పొట్లంల పొడికి పైన పూతుంటది. గా పూత ఉంటెనే పోతది. ఇంట్ల గిట్లాంటి పనులు పెట్టుకోకు."

"తగ్గకపోతే?"

"పేగు కోసి తీసేసుడు. దొడ్డికి పోనీకి పొట్టకు సంచి పెడతరు. గట్ల మస్తుమంది బతుకుతున్నరు." ఆయన తలుపు వైపు చూసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎడపల్లి దాటాక చెరకు బండ్లు అడ్డం వచ్చాయి. బస్సు చాలాసేపు ఆగింది. యేసమ్మకు రామ్‌దాస్ మీద కోపం రాలేదు. హైదరాబాదు వాళ్ళ మీద వద్దామంటే వాళ్ళ ముఖాలు తెలియవు. కోపం గంగమణి మీద వచ్చింది. రెండు జొన్నరొట్టెలు, కారం. ఆ మనిషిని దవాఖానకు తీసుకుపోయింది ఎవరు? తను తీసుకుపోకపోతే ఆ సగంలో ఆ చోటు సువార్తకే వచ్చేదేమో. ఏ తప్పూ చేయని మనిషి మీద కోపం వస్తే దానికి ఆనకట్ట ఉండదు. బస్సు కదిలేటప్పటికి యేసమ్మ గంగమణిని పూర్తిగా అసహ్యించుకుంది.

ఇంటికి వచ్చేసరికి సువార్త మంచం మీద మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. మంచం కింద బకెట్టులో నెత్తురు గుడ్డ నానుతోంది. యేసమ్మ చెప్పులు విడిచి, ఆ గుడ్డ ఉతికి ఆరేసి, అన్నానికి ఎసరు పెట్టింది.

ఎసరు కాగాక ఫ్రిజ్ తెరిచి రెండు అరల పొట్లాలూ నేల మీద పరిచింది. ఒక్కో పొట్లాన్ని ఆవిరికి చూపించి, చీటీ అంచును గోటితో లేపి, చిరగకుండా ఊడదీసింది. కార్ఖానాలో బీడీకట్టలకు లేబుళ్ళు అంటించిన చెయ్యి. పై అరవి ఒక పక్క, కింది అరవి ఒక పక్క. చీటీలు అటువి ఇటు, ఇటువి అటు. మైదా లై పలచగా పూసి, బొటనవేలితో నొక్కి, తడి గుడ్డతో తుడిచింది. పని చేస్తున్నంతసేపూ ఏ ఆలోచనా రాలేదు. ప్రార్థన చేద్దామనుకుంది గానీ, దేవుణ్ణి ఆ పక్కకు తిరగమని అడగడానికి ప్రార్థనలో మాటలు లేవు.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?" అంది సువార్త మంచం మీంచి.

"మందు సదురుతున్న. పండుకో."

*

ముందు సువార్తలో తేడా కనిపించింది. ఒకరోజు గుడ్డ ఉతకాల్సిన పని పడలేదు. మరొక రోజు గోడ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చి ఎండలో కూర్చుంది. కూర్చుని, "అవ్వా, పచ్చిపులుసు చెయ్యవా" అని అడిగింది. యేసమ్మ చింతపండు నానేసి, వంటింట్లో గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. అందులో వేరే ఏదీ కలవలేదు.

వేరేది అరుగు మీద ఉంది. గంగమణి ఎప్పటిలాగే చాట ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటోంది. తడిపిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తిరిస్తోంది. ఆకులో పొగాకు పోసి చుడుతోంది. కొన మడవబోయి చెయ్యి ఆపుతుంది. పెదవి కరుచుకుని, కళ్ళు మూసుకుని, నొప్పి దాటేదాకా అలాగే ఉంటుంది. తర్వాత చూస్తే బీడీ విచ్చుకుని పొగాకు ఒళ్ళో రాలి ఉంటుంది.

"మల్ల షురువైంది యేసమ్మా," అంది ఒక పొద్దు. "మందు పాతబడ్డదా ఏంది?"

"పాతబడుడేంది? నిన్నటిది నిన్న తాగితివి."

"గదే అనుకుంటున్న. కారం తిన్న గద, గదే దెబ్బగొట్టింది. నోరు కట్టుకుంట." కారాన్ని తిట్టుకుంటూ దారం చుట్టింది.

యేసమ్మ వేళ్ళు ఆగకుండా పనిచేశాయి. ఆమె వేళ్ళు ఎప్పుడూ ఆగవు. గంగమణి దొడ్డికి లేచి వెళ్ళినప్పుడల్లా తన చాటలోంచి బీడీలు గుప్పిళ్ళతో తీసి ఆమె చాటలో వేసేది. ఆమె తిరిగి వచ్చి చాట చూసుకుని, "నేనింతగనం చేసిన్నా?" అని మురిసిపోయేది. ఇదొక్కటీ యేసమ్మకు కొంచెం ఊపిరాడే పని. ఒకరి పేగు తీసుకుని బీడీలు ఇస్తున్నానని ఆమెకు తెలుసు. అయినా ఇచ్చేది.

పొద్దున మందు తాగించడం మాత్రం కష్టంగా ఉండేది. గంగమణి గ్లాసును రెండు చేతులా పట్టుకుని, తాగేముందు కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టింది. ఇదివరకు ఆ అలవాటు లేదు. నమ్మకం తగ్గేకొద్దీ దండాలు పెరుగుతాయి కాబోలు. ఆమె కళ్ళకద్దుకుంటున్నంతసేపూ యేసమ్మ ఫ్రిజ్ తలుపు తుడుస్తూ ఉండేది.

చివరికి ఒకరోజు గంగమణి రాలేదు. చూడబోతే రేకుల ఇంట్లో చాప మీద ఉంది. యేసమ్మ గ్లాసు అక్కడికే పట్టుకుపోయి, తల ఎత్తి పట్టుకుని తాగించింది. "నువ్వు లేకుంటే ఏమైపోదునే," అంది గంగమణి.

*

నెల పొట్లాల కోసం దవాఖానకు వెళ్ళే రోజు వచ్చింది. సువార్తను ఇంట్లో ఉంచి, గంగమణిని భుజం పట్టుకుని బస్సెక్కించింది యేసమ్మ. ఆ పూట ఎండ మండిపోతోంది. గంగమణిని వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, నర్సు చెబితే తనొక్కతే గదిలోకి పోయింది.

రామ్‌దాస్ ఆ రోజు మెత్తగా లేడు.

"గంగమణి పొట్లాలు మీ ఇంట్లనే ఉంటయి గద?"

"అవు సారూ."

"హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. మందు పోయేటోళ్ల దొడ్డికి వాళ్లు పరీక్ష చేస్తరు, పురుగు కనవడాలె. ఈమెకు పోతున్నది అసలు మందే. మొదట్ల కనవడ్డది. ఇప్పుడు అసల్కే లేదు. అంటే తింటలేదు. పారేసుడన్న పారేస్తున్నది, ఎవలకన్న ఇచ్చుడన్న ఇస్తున్నది." ఆయన యేసమ్మ ముఖంలోకి చూశాడు. "నిజం చెప్పు. రోజు వచ్చి తాగుతున్నదా?"

రోజూ వస్తోంది. రాలేని నాడు తనే పట్టుకుపోయి తాగించింది. ఆ మాట చెబితే తర్వాత ఏమడుగుతాడో యేసమ్మకు తెలుసు. తాగుతుంటే పురుగెందుకు లేదు? పొట్లాలేవి? చూపించు. మైదా లై ఎండలో పెట్టి చూస్తే కనిపిస్తుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"రోజు రాదు సారూ," అంది.

"వారానికెన్నిసార్లొస్తది?"

"ఎప్పుడన్న ఒకసారి. తగ్గింది గద, ఇంకెందుకంటది."

రామ్‌దాస్ నిట్టూర్చి, కలం తీసి ఏదో రాశాడు. "గింత మంచి మందు. దొరకనోళ్లు దొరకక ఏడుస్తున్నరు. ఇగ తీసేస్తున్నమని చెప్పు ఆమెకు." లేచి లోపలికి వెళ్ళి, మంచుముక్కలేసిన సంచీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది నీ బిడ్డది. మంచిగైతున్నదని రాసిన. ఆపకుండ వాడుండ్రి."

యేసమ్మ సంచీ తీసుకుంది. రెండో చెయ్యి చాపి నిలబడింది. ప్రతి నెలా రెండు సంచీలు ఇస్తాడు.

"ఇంకేంది?"

"ఇంకో సంచి, సారూ."

"ఎవలిది? ఆమెను తీసేసినం గద. ఆ నంబరు మీద ఇగ రావు. ఇంట్ల మిగిలినయి గూడ వాపస్ తెచ్చియ్యి."

చాపిన చెయ్యి అలాగే ఉంది. చేతిలో ఉన్న సంచీ మీద సువార్త నంబరు. ఆ నంబరు పొట్లాల్లో ఏముందో హైదరాబాదు వాళ్ళ తర్వాత యేసమ్మకే తెలుసు. సువార్త తాగుతున్న మందు గంగమణి పేరు మీద వస్తోంది. గంగమణి లేకపోతే ఆ మందు లేదు. ఇంట్లో ఫ్రిజ్‌లో నాలుగైదు పొట్లాలు మిగిలి ఉంటాయి. అవి అయిపోతే పచ్చిపులుసు లేదు, వాకిట్లో ఎండ లేదు.

"సారూ, అబద్ధం జెప్పిన," అంది.

రామ్‌దాస్ తల ఎత్తాడు.

"రోజు వస్తది సారూ. ఒక్క పొద్దు గూడ తప్పలేదు. లేవలేనినాడు నేనే పోయి తాగిచ్చిన. నా బిడ్డ మీద ఒట్టు. ఆమెను తీసెయ్యకుండ్రి."

"ఇప్పుడే గద రోజు రాదంటివి."

"భయపడి అన్న."

"తాగితే పురుగు ఎందుకుండదు మరి?"

చీటీలు మార్చిన సంగతి చెబితే ఇద్దరినీ తీసేస్తారు. చెప్పకపోతే ఒకరినే తీసేస్తారు, అయినా ఇద్దరికీ మందు ఉండదు. యేసమ్మ సంచీ నేల మీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి రామ్‌దాస్ కాళ్ళు పట్టుకుంది.

"ఆమెకియ్యుండ్రి సారూ. ఆమె మందు ఆమెకియ్యుండ్రి. నా బిడ్డది తీసేసుకోండ్రి కావాలంటె, ఆమెది ఆపకుండ్రి."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె గొంతు వరండా దాకా వినిపించింది. రామ్‌దాస్ కాళ్ళు వెనక్కి లాక్కుంటున్నాడు. "లే అమ్మా. స్నేహముండాలె గని ఇంతగనమా? నువ్వింకో మాట మాట్లాడితే నీ బిడ్డ పేరు గూడ కొట్టేసుడైతది. హైదరాబాదోళ్లకు చెప్పిన, ఇగ నా చేతుల లేదు."

తలుపు దగ్గర గంగమణి నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో, ఒక చేత్తో పొట్ట, మరొక చేత్తో తలుపు చెక్క పట్టుకుని ఉంది. మెల్లగా లోపలికి వచ్చి, వంగలేక వంగి, యేసమ్మను జబ్బ పట్టుకుని పైకి లేపింది.

"లే. ఎవల కాళ్లన్న పట్టుకుంటరా నాకోసం?" రామ్‌దాస్ వైపు తిరిగింది. "నేను తాగిన సారూ. రోజు తాగిన. మీరు నమ్మకపోతె నేనేం చేస్త? ఆ పిల్లనేం అనకుండ్రి. దానికి మంచిగైతున్నది."

నేల మీది సంచీని తనే తీసుకుంది.

బస్టాండుకు నడిచే దారంతా ఎండ. నీడ కోసం దుకాణాల పందిళ్ళ కింద ఆగి ఆగి నడిచారు. గంగమణే మాట్లాడింది.

"నీ బిడ్డది తీసేసుకోండ్రి అన్నవ్. ఎవలంటరు యేసమ్మా గా మాట? నా తోడవుట్టినోళ్లు అనరు." కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది. "నాదేమున్నది. ఏదో తిప్పలు పడుత. పిల్ల బతకాలె."

బస్సులో ఎండ కిటికీలోంచి సంచీ మీద పడుతోంది. గంగమణి సంచీని ఒళ్ళోకి తీసుకుంది. సీసాలో నీళ్ళతో కొంగు తడిపి, సంచీ చుట్టూ కప్పింది.

"పురుగు సస్తది ఎండకు," అని, రెండు చేతులతో దాన్ని నొప్పి పొట్టకు హత్తుకుని కూర్చుంది. బోధన్ వచ్చేదాకా మరో రెండుసార్లు కొంగు తడిపింది. యేసమ్మ సీసా మూత తీసి అందిస్తూ వచ్చింది.